ఇస్మాయిల్ గారు లెక్కపెట్టిన పన్నెండు పైపులు

1969 ఆగస్టు నాలుగో తేదీ, సోమవారం. బందులతో, బస్సుల నిలిపివేతలతో జంటనగరాల జనజీవనం అతలాకుతలమైన ఆ సంవత్సరంలో, బన్సీలాల్‌పేట్ నుంచి లాలాగూడ అవతలి మన తారా కాస్టింగ్స్ కర్మాగారం దాకా కాలినడకన వచ్చి, కంప్రెసర్ గదిలో సహాయకుడిగా చేరిన ఇరవై ఏళ్ల యువకుడు, ఈ జూన్ ముప్పైన, దాదాపు ముప్పై ఎనిమిది సంవత్సరాల సేవానంతరం, కంప్రెసర్ విభాగ బాధ్యులుగా పదవీ విరమణ చేస్తున్నారు. వారే జనాబ్ షేక్ ఇస్మాయిల్ గారు. ఇటువంటి సందర్భంలో ‘నిర్విరామ సేవ’ అని రాయడం పరిపాటి. ఆ మాట రాయబోతే మధ్యలో ఇరవై ఒక్క రోజులు అడ్డం వస్తున్నాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఇరవై ఒక్క రోజుల గురించే.

రాసేవాడు ‘నేను’ అంటూ ముందుకు రాకూడదన్నది మన ప్రత్యేక సంచికల ఆనవాయితీ. ఈ వ్యాసకర్త, అనగా నిర్వహణ విభాగంలో డిప్యూటీ మేనేజరుగా ఉన్న జ్ఞానశేఖర్, ఈసారి ఆ ఆనవాయితీని మహా సంతోషంగా పాటిస్తున్నాడు. తనను తాను ‘అతను’ అనుకుంటే తప్ప కొన్ని సంగతులు చెప్పడానికి అతనికి నోరు పెగలడం లేదు. అతని పేరు పక్కన ‘గారు’ చేర్చవద్దని సంచిక సంపాదకురాలు, సిబ్బంది విభాగపు ప్రేమమణి గారికి ముందే మనవి చేసుకున్నాడు. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది.

ఇస్మాయిల్ గారు చేరిన నాటికి మన కంప్రెసర్ గది అంటే ఎవరికీ పెద్ద పట్టింపు లేదు. కొలిమి దగ్గర కరిగిన ఇనుము ఎర్రగా పొంగుతుంటే వచ్చిన అతిథులందరూ అటే చూసేవారు. గాలిని నొక్కి పంపే యంత్రం వైపు ఎవరు చూస్తారు? కానీ అచ్చుపెట్టెలలో ఇసుక దట్టించే పనిముట్లు, పోతపోసిన ముక్కల అంచులు చెక్కే సుత్తులు, బరువులెత్తే గొలుసులు, అన్నీ నడిచేది ఆ గాలితోనే. ఈ సత్యాన్ని గ్రహించిన ఇస్మాయిల్ గారు మూడేళ్లలో ఆపరేటరు స్థాయికి ఎదిగారు. యంత్రం చప్పుడు విని దాని ఆరోగ్యం చెప్పగలిగే నేర్పు వారికి పుట్టుకతో వచ్చిందని కొందరంటారు గానీ అది అబద్ధం. అన్నం తినే అరగంట యంత్రాలన్నీ ఆగి ఉన్నప్పుడు, డబ్బా తెరవకుండా, పైపుల వెంట చెవి పెట్టుకుని తిరిగి తిరిగి సంపాదించుకున్న నేర్పు అది.

పైపు అతుకులలో గాలి ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి సబ్బు నురుగు పూసి బుడగలు చూడాలి. అందుకు కంపెనీ ఇచ్చిన బ్రష్ గరుకుగా ఉండి నురుగు నిలిచేది కాదు. 1974లో జరిగిన కుటుంబ దినోత్సవం నాడు, అప్పటికి కొత్త పెళ్లికూతురైన జాన్ బీ గారిని నాటి మేనేజరు గారు మర్యాదకు పలకరించి, ‘ఏమమ్మా, మీ వారి ఉద్యోగం ఎలా ఉంది?’ అని అడిగారు. ఆమె ఏమాత్రం తడుముకోలేదు.

“మీ కార్ఖానకు జెర మంచి బుర్సు కొనియ్యుండ్రి సార్. మా ఇంటాయన రెండు గడ్డం బుర్సులు గీడికే తెచ్చిండు. పండుగ పూట సుత గడ్డంతోనే తిరుగుతుండు.”

పందిరి కింద ఉన్న మూడు వందల మందీ పగలబడి నవ్వారు. మర్నాడే మెత్తటి బ్రష్‌లు డజను వచ్చాయి. ఇస్మాయిల్ గారు మాత్రం వారం రోజులు ఎవరి ముఖమూ చూడకుండా తిరిగారట. నలుగురిలో తన మాట రావడం వారికి మొదటినుంచీ గిట్టదు.

జ్ఞానశేఖర్ 1978లో తెనాలి నుంచి వచ్చి ఇంజనీరుగా చేరాడు. ఇస్మాయిల్ గారికంటే ఏడాది చిన్నవాడు. అయినా చేరిన రోజు నుంచే వారిని ‘నువ్వు’ అన్నాడు. వారు ‘సార్’ అన్నారు. ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించలేదు. పట్టా చేతిలో ఉన్నవాడికి పట్టపగలు కూడా కొన్ని కనిపించవు.

1986లో మనం కొత్త మోల్డింగు యంత్రం తెప్పించుకున్నాం. అది అచ్చుపెట్టెను గాలి బిగింపుతో పట్టుకుంటుంది. పట్టు నిలవాలంటే పీడనం చదరపు సెంటీమీటరుకు అయిదున్నర కేజీలకు తగ్గకూడదు. అందుకోసం కొత్త గాలి ట్యాంకు కావలసి వచ్చింది. ఆ ట్యాంకు ఎంత ఉండాలో తేల్చే బాధ్యతను నాటి చీఫ్ ఇంజనీరు రామభద్రరావు గారు జ్ఞానశేఖర్‌కు అప్పగించారు.

ఇంజనీర్లు కాని పాఠకుల కోసం ఇక్కడ రెండు మాటలు. కంప్రెసర్ నిమిషానికి ఇంత అని గాలిని ఇస్తూ పోతుంది. యంత్రాలు మాత్రం ఒక నిమిషం తక్కువ, మరో నిమిషం ఎక్కువ తాగుతాయి. కంప్రెసర్ ఇచ్చేదానికంటే ఎక్కువ కావలసి వచ్చిన ఆ కాసేపూ ఆదుకునేదే ట్యాంకు. కాబట్టి ట్యాంకు కొలతకు మూడు విషయాలు తెలియాలి: లోటు ఎంత, ఆ లోటు ఎంతసేపు, ఆ లోపు పీడనం ఎంతవరకు పడితే ఫరవాలేదు. జ్ఞానశేఖర్ కర్మాగారంలోని యంత్రాలన్నిటినీ జాబితా రాసి, ఒక్కొక్కటీ తాగే గాలిని కూడి, కాగితం మీద రెండు వేల లీటర్ల ట్యాంకు చాలునని తేల్చాడు. చక్కని చేతిరాతతో, ఎర్రసిరాతో కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఆ సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఇస్మాయిల్ గారు అతని గదికి వచ్చి, చేతిలోని కాగితం బల్లమీద పెట్టారు.

“సార్, జెర ఇనుండ్రి. గీ లెక్కల ఒక్కటి తక్వ వడ్డది.”

“ఏమిటది?”

“రెండు గంటల బెల్లుకు రెండు నిమిషాల ముందుగాల్ల అందరు గాలి పైపులు పడ్తరు. ఒంటి మీది ఇసుక దులుపుకోని ఇండ్లకు పోవాల్నని. ఆరు దినాల సంది లెక్క పెడుతున్న. పన్నెండు పైపులు. ఒక్కనాడు సుత తక్వ లేదు.”

ఇది కార్మికులందరికీ తెలిసిన, పైవాళ్ల కంట పడని అలవాటు. ఎనిమిది గంటలు ఇసుకలో పనిచేసినవాడి మెడ వెనుక, చెవుల్లో, చొక్కా లోపల ఇసుకే. నీళ్ల పంపు దగ్గర బారెడు వరుస. గాలి పైపు పట్టుకుంటే అర నిమిషంలో ఒళ్లు శుభ్రం. అయితే ఆ గాలి కంట్లోనో చెవిలోనో కొడితే ప్రమాదం గనుక ఆ పనిని యాజమాన్యం నిషేధించింది. పట్టుబడితే ఉద్యోగం నుంచి తొలగిస్తామని గోడమీద పెద్ద నోటీసు ఉండేది.

“అది నిషేధం కదా ఇస్మాయిల్! నోటీసు చూడలేదా? నిషేధించిన పనికి నేను గాలి ఎలా కేటాయిస్తాను? పైవాళ్లు అడిగితే ఏమని చెప్పాలి?”

“నోటీసు గోడకున్నది సార్. ఇసుక ఒంటికున్నది.”

జ్ఞానశేఖర్ నవ్వాడు. ఇస్మాయిల్ గారు నవ్వలేదు. “పెండ్లి ఇంటికి గోలెం కొనాల్నంటే దినాం ఎన్ని నీళ్లు వాడ్తమని చూడం గద సార్. పొద్దుగాల అందరు ఒక్కపారి స్నానాలకు లేస్తే ఆగుతదా లేదా అని చూస్తం. గీ రెండు నిమిషాలు ఆగాల్నంటే ఆరు వేల లీటర్లు గావాలె. రెండు వేలు అయితే నలభై సెకండ్లల ఒడుస్తది.”

ఏడో తరగతి చదివిన మనిషి చేతి గడియారంతో, పీడనం ముల్లుతో కట్టిన లెక్క అది. తర్వాతెప్పుడో సూత్రం పెట్టి చూసుకుంటే అక్షరాలా సరిపోయింది. ఆ రోజు మాత్రం జ్ఞానశేఖర్ ఆ కాగితాన్ని సొరుగులో పడేసి, “సరే, చూద్దాంలే” అన్నాడు. చూడలేదు. అప్పటికే రామభద్రరావు గారి సంతకం అయిపోయింది. తప్పు లెక్క కట్టానని వెళ్లి చెప్పడానికి అతనికి నామోషీ అయింది. ఉన్న మాట అంతే.

నవంబరు పన్నెండు, బుధవారం. కొత్త యంత్రం మొదటిసారిగా పూర్తి షిఫ్టు నడిచిన రోజు. దానిమీద పనిచేస్తున్నవారు పర్వతాలు గారు, మన మోల్డర్లలో మేటి, ఇస్మాయిల్ గారి వీధివాసి. రెండు గంటలకు రెండు నిమిషాలుందనగా పైపులు తెరుచుకున్నాయి. ఏడు కేజీల మీద ఉన్న ముల్లు చూస్తుండగానే మూడుకు పడిపోయింది. బిగింపు పట్టు వదిలింది. నిండు ఇసుకతో ఉన్న అచ్చుపెట్టె జారి పర్వతాలు గారి ఎడమచేతి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి.

మూడోరోజు విచారణ జరిగింది. పీడనం గీసే కాగితం మీద ఆ పతనం కళ్లకు కట్టినట్టుంది. ఎందుకు పడిందన్నదే ప్రశ్న. రామభద్రరావు గారు ముందు ఇస్మాయిల్ గారిని అడిగారు. వారు, “కంప్రెసర్‌ను గాలి నింపే లోడు మీద పెట్టుడు నాతోని ఆలస్యమయింది సార్. తప్పు నాదే” అన్నారు.

పైపుల మాట ఎత్తితే పన్నెండు మంది నౌకరీలు ఆ సాయంత్రానికే పోతాయి. అందుకే ఆయన ఆ మాట ఎత్తలేదు. ఇది ఆ గదిలో ఇద్దరికి తెలుసు. రెండోవాడు జ్ఞానశేఖర్.

తర్వాత చీఫ్ ఇంజనీరు గారు అతనివైపు తిరిగారు. “ట్యాంకు సైజు సరిపోతుందా, జ్ఞానశేఖర్ గారూ?”

“లెక్క ప్రకారం సరిపోతుందండి.”

“ఆపరేటరు ముందుగా మీకేమైనా చెప్పాడా?”

“లేదండి.”

ఆ మాట అంటున్నప్పుడు ఇస్మాయిల్ గారు అతనికి మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. తల ఎత్తి చూడలేదు. అదే జ్ఞానశేఖర్‌కు అప్పుడు ఊరటనిచ్చింది. అదే ఇరవై ఒక్క సంవత్సరాలుగా అతని గొంతులో ముల్లై కూర్చుంది.

ఇరవై ఒక్క రోజులు సస్పెన్షన్. తొమ్మిదేళ్లపాటు పదోన్నతి నిలుపుదల. సేవా పుస్తకంలో ఎర్రసిరాతో ‘కర్తవ్య నిర్లక్ష్యం, తోటి కార్మికుని అంగవైకల్యమునకు కారకుడు’ అన్న వాక్యం. పర్వతాలు గారికి స్టోరులో తేలికపని ఇచ్చారు. పన్నెండు మందీ పనిలోనే ఉన్నారు. ఎందుకు ఉన్నారో వారికి తెలియదు. జ్ఞానశేఖర్‌కు ఏమీ కాలేదు.

ఏమీ కాలేదనడం కూడా పూర్తి నిజం కాదు. మరుసటి సంవత్సరం అతను సొరుగులోంచి ఇస్మాయిల్ గారి కాగితాన్ని తీసి, ఆ అంకెలే వేసుకుని, ‘భవిష్యత్ అవసరాల దృష్ట్యా’ అన్న మాట అడ్డుపెట్టుకుని, ఆరు వేల లీటర్ల ట్యాంకుకు ప్రతిపాదన పంపాడు. ట్యాంకు వచ్చింది. రెండు గంటల బెల్లుకు ముల్లు అయిదున్నర దాటి కిందికి దిగడం మానేసింది. ఆ ఏటి ‘ఉత్తమ సూచన’ ప్రశంసాపత్రం జ్ఞానశేఖర్‌కు ఇచ్చారు. సభలో చప్పట్లు కొట్టినవారిలో, వెనుక వరుసలో, ఇస్మాయిల్ గారు కూడా ఉన్నారు. ఆ పత్రం నేటికీ అతని ఇంటి ముందుగదిలో గోడకు వేలాడుతోంది. చుట్టాలెవరైనా దాన్ని చదవబోతే అతనికి వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది.

ఇంతటి అన్యాయం జరిగిన మనిషి ఉద్యోగాన్ని మొక్కుబడిగా చేసినా ఎవరూ తప్పుపట్టలేరు. ఇస్మాయిల్ గారు తమ పనిలో వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. పైపులు పట్టేవారితో తామే మాట్లాడి, రెండు రెండుగా వంతులు వేసి, ఆ అలవాటును క్రమంగా నీళ్ల పంపుల వైపు మళ్లించారు. నీళ్ల పంపులు నాలుగు నుంచి పదికి పెరిగే వరకు యాజమాన్యాన్ని విడవలేదు. 1996లో ఆలస్యంగానైనా విభాగ బాధ్యులయ్యారు. 1999లో విస్తరణ జరిగినప్పుడు జ్ఞానశేఖర్ జాబితా రాయకముందే కంప్రెసర్ గదికి వెళ్లి, “భాయ్, ముందు మీ లెక్క చెప్పండి” అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అప్పటికి ‘నువ్వు’ పోయి ‘మీరు’ వచ్చింది. క్షమాపణ మాత్రం రాలేదు. ఆయనే ఒప్పుకున్నాడు కదా, నేను బలవంతం చేయలేదు కదా అని తనకు తాను చెప్పుకుంటూ అతను కాలం దొర్లించాడు. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి గట్టిగా పాపాలు ఒప్పుకునేవాడు. గుంపులో ఒప్పుకోవడం తేలిక. పేరు, తేదీ ఎవరూ అడగరు.

రెండేళ్ల కిందట పర్వతాలు గారు కాలం చేశారు. ఇస్మాయిల్ గారు పాడె మోశారు. కంపెనీ తరఫున పూలదండ తీసుకుని వెళ్లినవాడు జ్ఞానశేఖర్. ఆ ఎడమచేతిని తెల్లగుడ్డ కింద చూసి కూడా అతను నోరు విప్పలేదు. పర్వతాలు గారు తమ వేళ్లు ఇస్మాయిల్ గారి అజాగ్రత్త వల్ల పోయాయనే అనుకుంటూ వెళ్లిపోయారు. ఈ ఒక్కదాన్ని ఇక ఎవరూ దిద్దలేరు.

గత నెల ప్రేమమణి గారు ఈ వ్యాసం కోసం సేవా పుస్తకం అతని చేతికిచ్చారు. ఎర్రసిరా వాక్యం చూపించి, మంచి మనసుతోనే, “ఈ ఎనభై ఆరు ఎంట్రీ వదిలేద్దాం లెండి సార్, సన్మానం కదా, ఎందుకు ఇప్పుడు” అన్నారు. అతను వదిలేసే మొదటి చిత్తుప్రతి రాశాడు. బాగా కుదిరింది కూడా. ‘కర్తవ్యనిష్ఠకు నిలువెత్తు రూపం’ అని రాసి, అదే మనిషి పేరు మీద ‘కర్తవ్య నిర్లక్ష్యం’ అని ఉన్న పుస్తకాన్ని పక్కకు జరిపాడు. చదువుకుంటే తనమీద తనకే రోత పుట్టింది. ఈ నెల పదిన, ఆదివారం, ప్రార్థన అయ్యాక నేరుగా బన్సీలాల్‌పేట్ వెళ్లాడు.

జాన్ బీ గారు చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లారు. అతను ఉపోద్ఘాతం లేకుండా, “భాయ్, ఎనభై ఆరు సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మీ అనుమతి కావాలి” అన్నాడు.

ఇస్మాయిల్ గారు తమ కప్పు చేతిలోకి తీసుకున్నారు. “మార్చిల లూకా సుత రిటైర్ అయిండు సార్. గా పన్నెండు మందిల ఆయనే ఆఖరు. ఇగ ఎవ్వరి నౌకరికి తక్లీఫ్ లేదు. రాసుకోండ్రి. గని మీ పేరు రాయకుండ్రి.”

“నా పేరు లేకుండా అది నిజం ఎలా అవుతుంది?”

“మీకింక ఎనిమిది నెలల సర్వీసున్నది గద. గది సుత మంచిగ ఒడువనీయుండ్రి.” వారు చాయ్ కప్పు అంచు తుడుస్తూ అన్నారు, “నా లెక్కల పన్నెండు మంది కాదు సార్. పదముగ్గురు.”

జ్ఞానశేఖర్‌కు తల కొట్టేసినట్టయింది. తన అబద్ధం విషయంలో మాత్రం తనకు భయపడి ఊరుకున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఊరుకోవడం కాదది, ఇసుక దులుపుకున్న కూలీలతో పాటు తననూ ఆ మనిషి రెక్కల కింద పెట్టుకుని, ఉద్యోగం దాటించబోతున్నారు. ఆ పన్నెండు మందికి తాము తప్పించుకున్న సంగతే తెలియదు. అన్నీ తెలిసి దాక్కున్నవాడు పదమూడోవాడు ఒక్కడే.

వంటింటి తెర కదిలింది. “ఏం పన్నెండు మంది? ఏం పదముగ్గురు?” అంటూ జాన్ బీ గారు బయటికి వచ్చారు.

అతను మొదటినుంచీ చెప్పాడు. కాగితం, సొరుగు, ‘లేదండి’ అన్న మాట, అన్నీ. నోటితో చెప్పడం అతనికి అదే మొదటిసారి. ఆమె నిలబడే విన్నారు.

“అంటే మా ఇంటాయన తప్పు లేదా?”

“లేదమ్మా. కొంచెం కూడా లేదు.”

ఆమె భర్త వైపు తిరిగారు. “నాకు సుత చెప్పలే.”

“నీకు చెప్తే నువ్వు కమలకు చెప్తవు. ఆమె ఊకుంటదా? పన్నెండు ఇండ్ల మీదికి పోతుండె” అన్నారు ఇస్మాయిల్ గారు మెల్లగా. కమలాబాయి గారంటే పర్వతాలు గారి భార్య.

జాన్ బీ గారు అరవలేదు, శపించలేదు. అలా చేసి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నారు.

“ఇరవై ఏండ్ల సంది ప్రతి రంజాన్‌కు సేమియా పట్టుకోని కమలక్క ఇంటికి పోతున్న సార్. లోపటికి రా జాన్ బీ, కూసో అంటది. నేను పోను. గడపల గిన్నె పెట్టి వస్త. ఆమె మగని వేళ్లు మా ఆయన తీసిండు, నేను ఏం మొఖం పెట్టుకోని లోపటికి పోవాలె అని. ఒక్కనాడు సుత ఆమె దిక్కు సక్కగ చూసి మాట్లాడలే.”

జ్ఞానశేఖర్ ఇన్నేళ్లూ తన తప్పును ఒక మనిషి పదోన్నతితో, ఒక పుస్తకంలోని వాక్యంతో కొలుస్తూ వచ్చాడు. ఈ గడప అతని లెక్కలో ఏనాడూ లేదు.

“అంతా రాస్తానమ్మా. అందరూ చదివేటట్టు అచ్చు వేయిస్తాను” అన్నాడు.

“కమలక్కకు సదువు రాదు సార్” అన్నారు జాన్ బీ గారు. “మీరొచ్చి చెప్పుండ్రి.”

మర్నాడు అతను యాజమాన్యానికి లేఖ ఇచ్చాడు. 1986 నాటి ఆ వాక్యాన్ని కొట్టివేయాలని, తప్పు తనదేనని సంతకం చేసి, ఇస్మాయిల్ గారి కాగితాన్ని జతపరిచాడు. అందులో తేదీలతో సహా ఆరు రోజులకు ఆరు వరుసలు, వరుసకు పన్నెండు గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఉత్తమ సూచన పత్రాన్ని కూడా తిరిగి అప్పగించాడు. గోడమీద దాని చోట తెల్లటి చదరం మిగిలింది. చుట్టాలు ఇప్పుడు దాని గురించి అడుగుతున్నారు, అతను వంటింట్లోకి పోకుండా చెబుతున్నాడు. లేఖకు జవాబు ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి రాలేదు. తన పేరు రాయవద్దన్న ఇస్మాయిల్ గారి మాటను అతను ఇక్కడ దాటాడు. వారి మాట వినకపోవడం అతనికిది రెండోసారి. మొదటిదానికీ దీనికీ ఉన్న తేడాను వారు గుర్తిస్తారని ఆశ.

కమలాబాయి గారి ఇంటికి మాత్రం అతను ఇంకా వెళ్లలేదు. రెండుసార్లు వీధి మలుపు దాకా వెళ్లి, ఆమె అరుగు మీద బియ్యం ఏరుకుంటూ కనిపించేసరికి, తిరిగి వచ్చేశాడు. యాభై ఏడేళ్ల మనిషికి ఇది ఎంత నగుబాటో అతనికి తెలుసు. ముప్పైన సన్మాన సభ ముగియగానే జాన్ బీ గారితో కలిసి అక్కడికి వెళ్లాలని నిశ్చయించుకున్నాడు. ఈ మాట నాలుగు వందల ప్రతులలో అచ్చయితే తప్ప తనమీద తనకు నమ్మకం లేక అచ్చు వేయిస్తున్నాడు. సభ అయ్యాక అతను ఇంటి దారి పట్టినట్టు కనిపిస్తే మీలో ఎవరైనా సరే చెయ్యి పట్టుకుని ఆపండి.

ఇస్మాయిల్ గారూ, ఈ కర్మాగారం మీకు ఇవ్వవలసినంత గౌరవం ఇవ్వలేదు, మీరు మాత్రం దానికి ఏ లోటూ చేయలేదు. సర్వేశ్వరుడు మీకు సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ల ఆయుష్షును, కంటినిండా నిద్రను ప్రసాదించుగాక. మీ విశ్రాంత జీవితం మీ పిల్లాపాపలతో ప్రశాంతంగా సాగుగాక. జాన్ బీ గారూ, మీరు కూడా చల్లగా ఉండాలి. వచ్చే రంజాన్‌కు కమలాబాయి గారు రమ్మన్నప్పుడు, గిన్నె గడపలో పెట్టకుండా, లోపలికి వెళ్లి కూర్చోవాలి.